పసుపు గీత, ఎర్ర గీత

విత్తనం వేసిన తరువాత పడే మొదటి గట్టి వానకు మా ఊళ్ళో పిల్లలు గంతులేస్తారు, పెద్దవాళ్ళు కట్టెలు చూసుకుంటారు. ఐరాలకు ఎగువన గుట్టల పక్క ఊరు మాది. వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఎర్ర చేలు. ఆ మట్టిలో ఏడాది పొడుగునా నిద్రపోయిన పురుగు, నేల నానితే చాలు, తెల్లటి రెక్కలతో సాయంత్రానికి పైకి లేస్తుంది. చూడటానికి సాధువు. ఆకు ముట్టదు, కాయ ముట్టదు. లేత ఆకుల అడుగున గసగసాలు అద్దినట్టు గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ గుడ్లు పగిలి వచ్చేవే కంబళి పురుగులు. ఒళ్ళంతా ఎర్రటి నూగుతో, మందలు మందలుగా చేను మేసి, ఈనెలు మాత్రం మిగిల్చి, గెనిమ గట్టు దాటి పక్క చేనులోకి నడుస్తాయి. మేస్తున్నప్పుడు చెవి పెడితే సన్నగా చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడు విన్న రైతుకు అన్నం సహించదు.

అందుకని మాకొక కట్టుబాటు ఉంది. ఆ వాన పడిన మరుసటి సాయంత్రం నుంచి, పొద్దు గూకగానే ప్రతి ఇంటివాళ్ళూ తమ చేని గెనిమ మీద మంట వేయాలి. ఊళ్ళో మాత్రం ఒక్క దీపం వెలగకూడదు. వీధి దీపాల ఫీజు కూడా పీకేస్తారు. ఊరు చీకటిగా ఉంటేనే పురుగు మంట వైపు వస్తుంది, వచ్చి అందులో పడుతుంది. ఇంట్లో దీపం వెలిగితే అక్కడికి పోయి గోడల మీద వాలి, బతికిపోయి, గుడ్లు పెడుతుంది. ఆ కట్టుబాటు తప్పినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు, గంగులమ్మ దాకా.

గంగులమ్మ నా తోడికోడలు. మా ఆయన మునివెంకటప్ప, ఆమె మొగుడు ధనంజయ అన్నదమ్ములు. ఒకే ఇంటికి నడుమ గోడ పెట్టుకుని రెండు వాకిళ్ళు చేసుకున్నాం. గోడకు అవతల ఆమె చెంబు కింద పెడితే ఇవతల నాకు తెలుస్తుంది. ఆమెకు ఒక్కతే బిడ్డ, ధరణి. నాకు పిల్లలు లేరు. ధరణి రెండు వాకిళ్ళలోనూ పెరిగింది.

ధరణి పదో తరగతి రాసిన ఏడు, తిరుపతి నుంచి ప్రసన్నకుమారి అని ఒక వ్యవసాయం మేడమ్ మా ఊరికి వచ్చింది. చిన్న వయసే. బస్సు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, చేలకు అడ్డంబడి నడిచి వచ్చింది. మా అరుగు మీద కూర్చుని ఒక అట్టపెట్టె తెరిచి, గుండుసూదులకు గుచ్చిన రెండు రెక్కల పురుగులు చూపించింది. రెండూ తెలుపే. రెండింటి రెక్కల మీదా గోధుమ రంగు చారలే.

"రెండూ ఒగటే కదా మేడమ్" అన్నాను.

"సరిగ్గా చూడండమ్మా. ముందు రెక్క అంచు చూడండి."

కళ్ళద్దాలు పెట్టుకుని వంగాను. ఒకదాని రెక్క ముందంచు వెంట పసుపు దారం వేసి కుట్టినట్టు సన్నటి గీత. రెండోదానికి అదే చోట ఎర్రటి గీత.

"ఇవి అక్కాచెల్లెళ్ళలాంటివి, కానీ జాతులు వేరు" అంది మేడమ్. "మీ వైపు పసుపు గీతదే కనిపిస్తూ ఉంది. ఎర్ర గీతది ఉందో లేదో మాకు తెలీదు. అది గాని వచ్చి ఉంటే రాగినీ సజ్జనూ కూడా కాచుకోవాలి. వానల కాలంలో పడ్డ పురుగుల్ని ఏరి చూసి చెప్పేవాళ్ళు కావాలి."

ధరణి ముందుకు జరిగింది. "రెక్క అంచు అరిగిపోయి రంగు రాలిపోయింటే ఎట్ల మేడమ్?"

మేడమ్ ఆ పిల్ల వైపు తిరిగి చూసింది. అంతవరకూ నాతో మాట్లాడుతున్నది, ఆ తరువాత దానితోనే మాట్లాడింది. తల వెనక, మెడ చుట్టూ చిన్న పట్టీ ఉంటుందట. పసుపు జాతికి ఆ పట్టీ పసుపు, ఎర్ర జాతికి ఎరుపు. రెక్కకు ఏమైనా మెడకు ఏమీ కాదట.

అప్పటి నుంచి వానల కాలంలో ప్రతి ఉదయం మా ఇద్దరికీ అదే పని. మా చేని గెనిమ మీద మేడమ్ పెట్టించిన పెట్రోమాక్స్ లైటు, దాని కింద కిరసనాయిలు కలిపిన నీళ్ళ పళ్ళెం. తెల్లారి పళ్ళెం తెచ్చి అరుగు మీద పెట్టుకుని, తేలుతున్న పురుగులను ఒక్కొక్కటే ఎత్తి చూసేవాళ్ళం. నాకు బడి చదువు లేదు. బెల్లం కట్టిన కాగితాలూ చింతపండు కట్టిన కాగితాలూ కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలు. మేడమ్ ఇచ్చిన కరపత్రం నేను పైకి చదువుతుంటే ధరణి పురుగులు తిప్పి చూసేది. అందులో ఆ రెక్కల పురుగును తల్లి పురుగు అని రాసి ఉండేది.

"రెక్క ఊరంతా తిరిగొచ్చింటాది పెద్దమ్మా, అరిగిపోతాది. మెడ యాడికి పోతాది? మెడ సూడల్ల" అనేది.

"సూస్తాండాలే. మీ పెద్దనాయన మెడ కూడా ఇంత జాగర్తగా సూడలేదు నేను."

"సూసింటే ఏ జాతో తెలిసిండేది."

గోడ అవతల నుంచి గంగులమ్మ అరిచేది, "పొద్దన్నే పురుగులు పెట్టుకోని ఇద్దురూ నవ్వేది సూడు! ఇంట్లో ఊడ్సేవాళ్ళు లేరు."

ఎన్ని ఏరినా పసుపు గీతలే. ఎర్ర గీతది ఒక్కటి దొరికితే ధరణిని తిరుపతికి తీసుకుపోతానని మేడమ్ మాట ఇచ్చిందట. అక్కడ అద్దాల పెట్టెలలో వందల పురుగులు పేర్లు రాసి పెట్టి ఉంటాయట.

"తిరపతి దాకా పోయి పురుగుల్ని సూసొచ్చేదానివి నువ్వొకతివే" అన్నాను. "కొండెక్కల్లని లేదా నీకు?"

"కొండకు ఎవురైనా పోతారు పెద్దమ్మా" అంది.

తొంభై ఎనిమిదిలో ఊరి ఆడపిల్లలతో కలిసి ధరణి కూడా మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పనికి పోయింది. చిత్తూరు దారిలో ఉంటుంది అది. మామిడి కాలమంతా తెల్లవారి ఒక టెంపో వచ్చి అమ్మాయిలను ఎక్కించుకుని పోయేది, పొద్దు గూకే వేళకు దించేది. నాకొక జబ్బు ఉంది. ఎవరు గడప దాటినా నా వైపు తిరిగి పోయొస్తానని చెప్పాలి. చెప్పకపోతే వెనక్కు పిలిచి, ఒక గుక్క నీళ్ళు తాగించి, మళ్ళీ చెప్పించి పంపుతాను. మా ఆయన సంతకు పోయేటప్పుడు దొంగలాగా పెరటి దారిన పోతాడు. ధరణి మాత్రం నన్ను ఆడించేది. ఆ ఉదయం నోట్లో జడపిన్ను పట్టుకుని, టెంపో హారను కొడుతుంటే పరుగెత్తుతూ, "పోతాండా పెద్దమ్మా" అంది.

"పోయొస్తా అనల్ల" అని అరిచాను. వీధి మలుపులో చెయ్యి ఊపింది. అన్నదో లేదో తెలీదు.

టెంపో బోల్తా పడింది. డ్రైవరు పిల్లలను ఖాళీ ప్లాస్టిక్ బాక్సుల మీద కూర్చోబెట్టుకుని పోతున్నాడట. మిగిలిన పిల్లలకు కాళ్ళూ చేతులూ విరిగాయి. మా పిల్ల ఒక్కతే చాప చుట్టలో ఇంటికి వచ్చింది.

పూడ్చిపెట్టి వచ్చాక, ధరణిని పడుకోబెట్టిన చోట దీపం పెట్టారు. కర్మాంతరం అయ్యేదాకా ఆ దీపం కొండెక్కకూడదు. గంగులమ్మ ఏడవలేదు. ఆ దీపం పక్కన కూర్చుని నూనె పోస్తూ ఉండిపోయింది. అన్నం నేను కలిపి పెడితే తినేది, పెట్టకపోతే లేదు. నూనె మాత్రం ఒకరు గుర్తు చేయనక్కర లేకుండా పోసేది.

కర్మాంతరం ఇంకా కాలేదు. వాన పడింది.

మరునాడు సాయంత్రం ఊరంతా కట్టెలు మోసుకుని చేలకు పోతోంది. అలివేలమ్మ గంగులమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆమె చేను గంగులమ్మ చేనికి గెనిమ పక్కనే. పురుగు లేస్తే ముందు పోయేది ఆమె చేనే.

"గంగులమ్మా, నీ కడుపుకోత తెలీనిదాన్ని కాదు. అయినా ఈ పూటకు దీపం ఆర్పల్లమ్మే. ఊరి కట్టుబాటు."

గంగులమ్మ దీపంలో నూనె పోసింది. ధనంజయ లోపలి నుంచి వచ్చాడు. "కర్మంతరం కానీ అక్కా. చనిపోయిన బిడ్డ దీపం ఎట్లార్పేది?"

"నీ బిడ్డ దీపానికి మా చేండ్లు పోవల్లనా అప్పా?"

మా ఆయన వచ్చి ఇద్దరికీ నడుమ పడ్డాడు. కిటికీలు మూసి, తలుపుకు కంబళ్ళు వేలాడదీసి, సందులలో గుడ్డలు కుక్కి వెలుతురు బయటికి రాకుండా చేయాలని తీర్మానం చేశాడు. అలివేలమ్మ తానే నిలబడి గుడ్డలు కుక్కించి పోయింది. అయితే మాది పెంకుటిల్లు. పెంకుల సందులు ఎన్నని మూస్తాం. ఒకటీ అరా పురుగులు లోపలికి వస్తూనే ఉన్నాయి. గంగులమ్మ వాటిని తోలలేదు. దీపం చుట్టూ తిరుగుతుంటే చూస్తూ కూర్చుంది.

కర్మాంతరం ముందురోజు సాయంత్రం, దీపం పక్కన నేల అలికి, బియ్యప్పిండి జల్లించి పరిచారు. ఒక మూల పసుపు, కుంకుమ, ధరణి గాజులు ఒక ఇత్తడి తట్టలో పెట్టారు. పైన వెదురు గంప బోర్లించారు. మాలో ఇది ఆనవాయితీ. పోయినవాళ్ళు ఏ రూపంలో వచ్చి చూసిపోయారో తెల్లారి ఆ పిండిలో ఆనవాలు కనబడుతుందంటారు. మా అత్త పోయినప్పుడు పిల్లి అడుగు అన్నారు, మామ పోయినప్పుడు చీమల బారు. మనిషికొక మాట చెప్పుకుని, ఏడ్చి, పిండి ఎత్తి పారేసేవాళ్ళు. అంతటితో అయిపోయేది.

ఉదయం చుట్టాలందరూ చూస్తుండగా గంగులమ్మే గంప ఎత్తింది. పిండిలో కుంచెతో గీసినట్టు అర్ధచంద్రాలు, ఒకదాని మీద ఒకటి. కుంకుమ తట్ట అంచు మీద తెల్లటి రెక్కల పురుగు ఒకటి కూర్చుని ఉంది. గంప సందులోంచి దూరినట్టుంది. రెక్కలు ముడుచుకుని కదలకుండా ఉంది. ముందంచు వెంట ఎర్రటి గీత.

"ధరణీ" అంది గంగులమ్మ. ఆమె నోట ఆ పేరు వినడం పూడ్చిపెట్టినప్పటి నుంచి అదే మొదలు.

గంగులమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "అక్కా, నువ్వు సూడు. నీకు తెలుసు. మీరిద్దురూ దీనికే కదా ఇన్నేండ్లు వెతికినారు. ఎర్ర గీతే కదా?"

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. అంచు ఎర్రగానే ఉంది. ఒక్క క్షణం, పిల్ల అడిగిన పురుగు పిల్ల దీపం దగ్గరికే వచ్చిందని నేనూ నమ్మాను. తరువాత నా కళ్ళు అలవాటుగా మెడ మీదికి పోయాయి.

మెడ పసుపు. కొత్తగా కట్టిన పసుపు తాడులాగా, మచ్చ లేని పసుపు.

కుంకుమలో రెక్క ఈడ్చిన జాడ కూడా అప్పుడే కనబడింది. తట్టలో ఒక పక్క కుంకుమ చెదిరి ఉంది. మా ఆయన గోడకు ఆనుకుని నా వైపు చూస్తున్నాడు. ఎర్రదే అనేయ్ అన్నట్టు తల ఆడించాడు. అనేయవచ్చు. కానీ ఆ పురుగు పొట్ట ఉబ్బి ఉంది, లోపలి గుడ్లు చర్మంలోంచి తెలుస్తున్నాయి. గంగులమ్మ దాన్ని మంటలో వేయదు. వేయనివ్వదు. దాన్నే కాదు, ఇక ఏ పురుగునూ. ఆ చేను తప్ప వాళ్ళకు ఇంకో ఆధారం లేదు. ఇదంతా ఆలోచించానో లేక మెడ చూస్తే పసుపని చెప్పడం అలవాటై చెప్పానో నాకు తెలీదు.

"గంగులూ, మెడ పసుపుగా ఉండాది సూడమ్మా. ఇది మామూలుదే. రెక్కకు అంటింది కుంకుమ."

నమ్మించాలని వేలు తడి చేసుకుని ఆ అంచు మీద మెల్లగా రాశాను. ఎరుపు నా వేలికి వచ్చింది. కింద పసుపు గీత బయటపడింది.

గంగులమ్మ పురుగును చూడలేదు. నా వేలినే చూసింది.

"నా బిడ్డ బొట్టు చెరిపినావు అక్కా" అంది.

చుట్టాలలో ఎవరో ముక్కు చీదారు. గంగులమ్మ పురుగును అరచేతిలోకి ఎక్కించుకుని, రెండో చెయ్యి గొడుగులా కప్పి, వాకిలి దాటింది. ధనంజయ వెనక పోయాడు, అతని వెనక నేను. వీధంతా చూస్తుండగా చేను దాకా నడిచి, మడమ ఎత్తు మొక్కల మధ్య కూర్చుని చెయ్యి తెరిచింది. అది ఎగరలేదు. ఆకు మీదికి నడిచి, అడుగుకు తిరిగి, కనబడకుండా పోయింది.

"ఈ చేను గెనిమ మీద మంట పెడితే నేను అందులో పడతా" అంది, ఎవరి వైపూ చూడకుండా. "మందు కొట్టినా అంతే."

"ధనంజయా, నువ్వన్నా చెప్పు నాయనా" అన్నాను.

"ఒక పురుగే కదా వదినా. పోనీ" అన్నాడు. అతని గడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. ఆ చేను దున్నిందీ విత్తిందీ అతనే. ఒక్క పురుగు ఎన్ని గుడ్లు పెడుతుందో కరపత్రంలో చదివిన మనిషిని నేనే. చెబితే వినే స్థితిలో అతను లేడు.

చుట్టుపక్కల చేలన్నీ మంటలు, ఆ ఒక్క చేను చీకటి. మంటల పొగకు తప్పుకున్న పురుగులు కూడా అక్కడికే చేరి ఉంటాయి. ఆకుల అడుగున గసగసాలు నల్లబడి, పగిలి, వెంట్రుకంత పురుగులు లేచాయి. కొద్ది రోజులలోనే ఎర్రబడి వేలంత అయ్యాయి. గంగులమ్మ తెల్లవారి పోయి గెనిమ మీద కూర్చునేది. ఆమెను చూసి మందు పొడి తెచ్చిన మగవాళ్ళు కూడా తిరిగిపోయేవాళ్ళు. చేను మీద పచ్చదనం అంచుల నుంచి తగ్గుతూ వచ్చి, ఒకనాటికి పుల్లలు మిగిలాయి.

అప్పుడవి నడక మొదలుపెట్టాయి.

ఊరు ఊరంతా పారలు తీసుకుని వచ్చి గంగులమ్మ చేనికీ అలివేలమ్మ చేనికీ నడుమ కాలువ తవ్వింది. పురుగులు అందులో పడి ఎక్కలేక కుప్పలు పడ్డాయి. మీద మందు పొడి చల్లి మట్టి కప్పుతున్నారు. అయినా సగం చేను అప్పటికే పోయిన అలివేలమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని అరిచింది.

"గంగులమ్మా! నీ మనవలూ మనవరాండ్లూ నా చేను మేస్తుండారు. వచ్చి పిలుచుకోని పో!"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గంగులమ్మ లేచి వచ్చి కాలువలో దిగింది. వట్టి చేతులతో పురుగులను దోసిళ్ళ కొద్దీ ఎత్తి కొంగులో వేసుకుంది. తన చేను నడిమికి మోసుకుపోయి దులిపింది. అక్కడ మేయడానికి ఏమీ లేదు. మళ్ళీ వచ్చింది. ఆ నూగు ముట్టుకుంటే మంట పుడుతుంది, దద్దుర్లు లేస్తాయి. సాయంత్రానికి ఆమె చేతులు మోచేతుల దాకా వాచాయి, కళ్ళు మూసుకుపోయాయి. ధనంజయ భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. వేపాకు నూరి పట్టు వేద్దామని నేను గిన్నెతో పోతే, ఆమె చూపు లేని ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"ఆ చెయ్యి నా మీద పెట్టనీబాక" అంది మొగుడితో.

గిన్నె ధనంజయ చేతికిచ్చి వచ్చేశాను.

తరువాత ఏడాది ఆమె నాతో మాట్లాడలేదు. నా బతుకులో పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. పోయినవాళ్ళ కోసం ఏడ్చి ఊరుకోవచ్చు. గోడ అవతల చెంబు చప్పుడు వినబడుతూ మనిషి లేకపోవడం నాకు కొత్త. ధనంజయ కూలికి పోయేవాడు. అతను పోయేటప్పుడు కూడా గడపలో నిలబడి చూసేదాన్ని. మెల్లగా అతను నా కోసమే ఆగి, "పోయొస్తా వదినా" అనడం మొదలుపెట్టాడు. గంగులమ్మకు వినబడకుండా అనేవాడు.

ప్రసన్నకుమారి మేడమ్ సంగతి తెలిసి ఒకసారి వచ్చింది. గంగులమ్మ ముందు చాలాసేపు కూర్చుంది, పురుగుల మాట ఎత్తలేదు. పోతూ పోతూ నా దగ్గర మూత ఉన్న గాజు సీసా ఒకటి పెట్టి, "ఎప్పుడైనా కనబడితే అమ్మా" అని ఆగిపోయింది. సరేనన్నాను. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను.

ఎండాకాలం దుక్కులలో గంగులమ్మ చేను నాగలి కింద గోధుమ రంగు గూళ్ళు బయటపడ్డాయి. ఆకలికి చావగా మిగిలిన పురుగులు మట్టిలోకి దిగి పట్టిన నిద్ర అది. గోరువంకలు నాగలి వెంటే నడుస్తూ ఏరుకు తిన్నాయి. గంగులమ్మ చెట్టు నీడన కూర్చుని చూసిందని మా ఆయన చెప్పాడు. వద్దనలేదట, పక్షులను తోలలేదట. లోతున ఉన్నవి మిగిలే ఉంటాయి. ఎప్పుడూ కొన్ని మిగులుతాయి.

మళ్ళీ విత్తారు. మళ్ళీ వాన పడింది. మరుసటి సాయంత్రం నేను మా దీపం ఆర్పి, గోడకు చెవి పెట్టి నిలబడ్డాను. అలివేలమ్మ వీధి చివర కాచుకుని ఉంది, ఈసారి ఊరి పెద్దలను కూడా వెంటబెట్టుకుని. గోడ అవతల కిటికీ మూసిన చప్పుడు లేదు. తలుపు తీసిన చప్పుడు అయింది. గంగులమ్మ నెత్తిన కట్టెల మోపు, చంకన కర్మాంతరం నాటి వెదురు గంపతో వీధిలోకి వచ్చింది. ఆమె వెనక ఇల్లు చీకటి. అలివేలమ్మ ముందు నుంచే నడిచి పోయింది. గంగులమ్మ చేని గెనిమ మీద మంట లేచాక, ముందు ఆ గంపనే అందులో వేసిందని చూసినవాళ్ళు చెప్పారు.

ఉదయం నేను పళ్ళెం తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాను. ధరణి పోయాక కూడా ఆ పని మానలేదు. మానితే పొద్దు ఎలా గడపాలో తెలిసేది కాదు. ఒక నీడ పళ్ళెం మీద పడింది. గంగులమ్మ. ఒక చెయ్యి గుప్పిట, రెండో చెయ్యి దాని మీద కప్పి ఉంది.

"అక్కా" అంది. "ఇది సూడు."

గుప్పిట తెరిచింది. మంట నుంచి తప్పించుకుని గెనిమ రాయి మీద వాలి ఉందట. రెక్క ఒక చివర కాలింది. బతికే ఉంది. పొట్ట నిండుగా ఉంది. ముందంచు వెంట ఎర్రటి గీత.

నేను కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాను. వేలు తడి చేసుకుని అంచు మీద రాశాను. తెల్లటి పొడి వచ్చింది. ఎరుపు రాలేదు. ఇంకోసారి రాశాను. రాలేదు. మెడ చూశాను. తల వెనక సన్నటి పట్టీ, రక్తం చుక్కలాగా.

"చెప్పు" అంది.

పసుపు అని చెప్పడం ఎలాగో నాకు తెలీలేదు.

"ఎర్ర గీతే గంగులూ. మెడ కూడా ఎరుపే."

"కుంకుమ కాదు కదా?"

"కాదు."

పురుగు ఆమె వేలి మీదికి ఎక్కి, గోరు దగ్గర ఆగి, రెక్కలు కొద్దిగా విప్పి ముడిచింది. ఆ వేళ్ళ మీద పోయిన ఏటి దద్దుర్ల మచ్చలు ఇంకా నల్లగా ఉన్నాయి. నేను లోపలికి పోయి సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"మేడమ్ ఇచ్చిపోయింది. తిరపతికి పంపిద్దాం. ఆడ అద్దాల పెట్టెలో పేరు రాసి పెడతారు. మనూరి పేరు కూడా రాస్తారు. పిల్ల పోవల్లని ఎంత..."

"గుండుసూదితో గుచ్చుతారు కదక్కా?"

"ఊఁ."

తల అడ్డంగా ఊపింది. చేను వైపు చూసింది. ఇంటి ముందు నుంచి ఆ చేను కొస కనబడుతుంది, లేత పచ్చగా, మడమ ఎత్తు మొక్కలతో. ధనంజయ అప్పటికే అందులో వంగి కలుపు తీస్తున్నాడు.

గంగులమ్మ అరుగు మీద కూర్చుంది. చెయ్యి పళ్ళెంలోకి దించి, పురుగును నీళ్ళ మీద వదిలి, బొటనవేలితో కిందికి నొక్కి పట్టుకుంది. కిరసనాయిలు రంగులు రంగులుగా విడిపోయింది.

"పో తల్లీ" అంది. "ఇంక రాబాక."

చాలాసేపు నొక్కే ఉంచింది. వేలు తీశాక అది పైకి తేలి మిగిలినవాటిలో కలిసిపోయింది. సీసా నేను మళ్ళీ లోపల పెట్టలేదు, అక్కడే ఉండనిచ్చాను. మా ఊళ్ళో ఎర్ర గీతది ఉందని తిరుపతిలో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

గంగులమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని, పళ్ళెంలోంచి ఇంకొక పురుగును ఎత్తి, తిప్పి, నా ముఖం ముందు పెట్టింది.

"ఇదేంది?"

"పసుపు."

పక్కన పెట్టింది. ఇంకొకటి ఎత్తింది. "ఇది?"

"అదీ పసుపే."

"మెడ సూసి చెప్పు."

చూశాను. "పసుపే గంగులూ."

ఇంకొకటి ఎత్తింది.